గడ్డి మొలవని వాకిలి

గడ్డి మొలవని వాకిలి చూస్తే నాకు భయం. నవ్వుకుంటే నవ్వుకోండి. తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చుంటే దారంతా పచ్చదనమే. కాలవ గట్ల మీద, రైలు కట్ట మీద, పాత ఇళ్ళ పెంకుల సందుల్లో కూడా ఏదో ఒకటి మొలిచి ఉంటుంది. మా వైపు గింజ ఉమ్మేస్తే చాలు, చెట్టవుతుందని మా నాన్న గొప్పలు పోయేవాడు. అలాంటి చోట ఏదో ఒక ఇంటి ముందు మాత్రం నున్నగా, నల్లగా, గరిక పోచ లేకుండా వాకిలి కనిపించిందంటే నా చూపు అక్కడే ఆగిపోతుంది. బండి ముందుకు పోయినా మెడ తిప్పి చూస్తాను. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారా? కోళ్ళు తిరుగుతున్నాయా? దిగి, తలుపు కొట్టి, ఈ మట్టి ఎక్కడి నుంచి తెచ్చారని అడగాలనిపిస్తుంది. ఒకసారి పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఏంటమ్మా, ఏమన్నా కిటికీలోంచి పడిపోయిందా?" అని అడిగింది. లేదండి అని చెప్పి ముందుకు తిరిగి కూర్చున్నాను.

నేను మట్టి పరీక్షలు చేసేదాన్ని. ల్యాబు బాపట్లలో. రైతులు తెచ్చే మట్టిని నీడలో ఆరబెట్టి, చెక్క సుత్తితో నలగ్గొట్టి, జల్లెడ పట్టి, అందులో ఏముందో ఏం లేదో చెప్పడం నా పని. కోపిష్టిదాన్నని ల్యాబులో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. పరీక్షకిచ్చే మట్టిని ఖాళీ ఎరువు సంచిలో పోసి తెచ్చేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అలా తెస్తే తేలేది మట్టి గుణం కాదు, సంచి గుణం. ఎంత చెప్పినా అదే సంచి, అదే నవ్వు.

నాకీ ఉద్యోగం రావడానికి మా ఇంట్లో ఒక కారణం చెప్పేవాళ్ళు. మా అమ్మ నన్ను కడుపున మోసేటప్పుడు మట్టి తినేదట. మాది రేపల్లె దగ్గర, నగరమనే ఊరు దాటాక వచ్చే ఒక పల్లె. అప్పట్లో మాది మట్టిగోడల ఇల్లు. తొలకరి జల్లుకి గోడ తడిసి వాసన వస్తే ఆవిడకి నిలవబుద్ధయ్యేది కాదట. గోటితో గిల్లి నోట్లో వేసుకునేది. మా నాన్న చర్చి బడిలో టీచరు. ఆవిడ పుణ్యమా అని బళ్ళో బలపాలు కూడా మిగలడం లేదని ఆయన గోల. "అక్కని మోసేటప్పుడు చింతచిగురు తిన్నాను, దానికి పుల్లవిరుపు మాటలు వచ్చాయి. నిన్ను మోసేటప్పుడు మట్టి తిన్నాను, నీకు మట్టి ఉద్యోగం వచ్చింది" అని నాకు ఉద్యోగమొచ్చిన రోజు అమ్మ చుట్టాలందరి ముందూ అంది. అందరూ కడుపుబ్బ నవ్వారు. ఆ మాట మా ఇంట్లో ఎన్నేళ్ళు తిరిగిందో చెప్పలేను. ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

తెనాలి అవతల, కాలవ పక్కన ఒక షెడ్డు ఉండేది. పాత బ్యాటరీలు తెచ్చి, పగలగొట్టి, లోపలి పలకలు కరిగించి సీసం తీసేవాళ్ళు. బ్యాటరీల్లో ఉండే యాసిడ్డు నేల మీదే పారబోసేవాళ్ళు. అది మూతపడి కొన్నేళ్ళయింది. నడిపినవాళ్ళు ఎటో పోయారు. ఆ స్థలాన్ని ప్లాట్లు వేసి అమ్ముదామని ఎవరో బోర్డు పాతేసరికి, పక్క పొలాల వాళ్ళు గేదెలు చచ్చిపోతున్నాయని, ముందు మట్టి సంగతి తేల్చమని పట్టుబట్టారు. అలా ఆ పని మా ల్యాబుకి వచ్చింది. అక్కడి నేలలో భార లోహాలు ఎంత మేరకు చేరాయి, దానివల్ల అక్కడ బతికే ప్రాణులకి ఎంత ముప్పు ఉంది అన్నది తేల్చి నివేదిక ఇవ్వాలి.

లోహం ఎంతుందో చెప్పడం సగం పనే. అది ఎవరి నోట్లోకి పోతుందో చెప్పడం మిగతా సగం. మట్టిలోంచి వానపాములోకి, వానపాములోంచి కొంగలోకి. గట్టు మీది గడ్డిలోంచి గేదెలోకి, గేదె పాలలోంచి మనలోకి. ఒక్కో లోహానికీ దాని విషాన్ని బట్టి ఒక బరువు కట్టి, అన్నీ కూడి, చివరికి ముప్పు తక్కువా, ఓ మోస్తరా, ఎక్కువా, తీవ్రమా అని ఒక మాట తేల్చాలి. అన్నిటికంటే ముందు పోలిక మట్టి కావాలి. అంటే అదే రకం నేల, మనిషి చేతి మురికి అంటనిది. దానికంటే ఇక్కడ ఎన్ని రెట్లు ఎక్కువ అన్నదే లెక్క. పోలిక మట్టి చెడితే మొత్తం లెక్క చెడినట్టే.

షెడ్డుకి మేము వెళ్ళే ముందు రోజు బాగా వాన పడింది. దారి పొడుగునా కాలవల్లో, పొలాల్లో కప్పల గోల. జీపు దిగి గేటు లోపలికి నడుస్తుంటే ఆ గోల వెనకబడింది. షెడ్డు వెనక్కి వెళ్ళేసరికి ఏమీ వినపడలేదు. నాకు చెవులు దిబ్బడేశాయేమో అనుకుని రెండుసార్లు మింగి చూశాను. నీళ్ళు నిలిచిన గుంటలున్నాయి, వాటిల్లో కప్ప లేదు, దోమ పిల్ల కూడా లేదు. మట్టి తవ్వితే ఒక్క ఎర్ర లేదు. వానపాముల్ని మా వైపు ఎర్రలంటారు. తడి మట్టి తవ్వి, అందులో ఎర్ర కనపడకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి. నాతో వచ్చిన కుర్ర సైంటిస్టు, "భలే ప్రశాంతంగా ఉంది మేడమ్" అన్నాడు. వాణ్ణి తిట్టబోయి ఆగాను.

పోలిక మట్టి కోసం నాకు వెంటనే తట్టింది మా ఊరి సమాధుల తోట. నవ్వొద్దు, ఆలోచించండి. మా డెల్టాలో దున్నని నేల ఎక్కడుంది? ఎరువు పడని నేల, పురుగుమందు పడని నేల? పొలాలు సరే, గట్ల మీద కూడా మందు కొడుతున్నారు. మా తాతల కాలం నుంచి లూథరన్ కుటుంబాల వాళ్ళని పాతిపెట్టే ఆ తోటలో మాత్రం నాగలి పెట్టినవాడు లేడు. నేల రకం కూడా అదే. అమ్మని పాతిపెట్టింది కూడా అక్కడే, ఆరేళ్ళ కిందట.

తోట కాపలా తాతని అడగాల్సినవన్నీ అడిగాను. "తాతా, ఇక్కడెప్పుడన్నా ఎరువులు గానీ, కలుపు మందులు గానీ కొట్టారా?"

"ఎందుక్కొడతామమ్మా? ఇక్కడేమన్నా పంటలా? ఆళ్ళని నిద్దరపోనీయండి."

"చెత్త తగలెయ్యడం లాంటివి?"

"దేవుడి సాక్షి. ఆకు కూడా బయటికి తీసుకెళ్ళి ఏస్తాను."

అమ్మ సమాధి పక్కన, గోడ వైపు, ఎవరినీ పాతిపెట్టని ఖాళీ జాగా ఉంది. అక్కడక్కడ పై మట్టి తీసి, పట్టా మీద కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారబోసి, మిగిలింది గుడ్డ సంచిలో కట్టుకున్నాను. ఆ చుట్టుపక్కల గడ్డి లేదు. అమ్మ సమాధి గచ్చు చుట్టూ నేల చాప పరిచినంత శుభ్రంగా ఉంది. అక్క ఎంత శ్రద్ధగా చూసుకుంటోందో అనుకుని నాకు కళ్ళు చెమర్చాయి.

అక్కడి నుంచి భోజనానికి అక్క ఇంటికి వెళ్ళాను. అక్కని ఇచ్చింది ఊళ్ళోనే. మా బావకి వ్యవసాయం, సొంత ట్రాక్టరు. అక్క కూతురు పురిటికి వచ్చి ఉంది. తొలిచూలు. బెజవాడలో ప్రైవేటు స్కూల్లో టీచరు. పిల్ల ఒళ్ళు చేస్తుందనుకుంటే పాలిపోయి కనిపించింది. గడప మీద కూర్చుని ఏదో నములుతోంది.

"ఏంటే ఆ నమలడం?"

"వక్కపొడి పిన్నీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

తుఫానుకి నీళ్ళు అరుగు దాకా వచ్చాయని ఊళ్ళో అందరిలాగే అక్కవాళ్ళూ ఇంటి ముందు మెరక తోలించారు. పల్లపు నేలలో ఇల్లంటే మెరక తప్పదు. వాకిలి బాగుందే అన్నాను. ఆ మాత్రం చాలు మా అక్కకి. "కలుపు తీసే పని లేదే తల్లీ. చెద లేదు. పురుగూ పుట్రా రాదు. పక్కింటావిడ కుళ్ళుకు చస్తోంది" అని చెప్పుకుపోయింది. కోడి కూర వండలేదేమే, మన కోళ్ళేవి అని అడిగితే, "కోళ్ళు మాకు అచ్చిరావట్లేదులే, ఎన్ని తెచ్చినా కాళ్ళు పడిపోయి చస్తున్నాయి" అంది. రొయ్యల వేపుడు మరో గరిటె వేసింది. నేను శుభ్రంగా తిని వచ్చాను.

ల్యాబులో సీసం కొలిచే యంత్రం పాడై ఉంది. మెకానిక్ రావడానికి రోజులు పడుతుందన్నారు. ఈలోపు వానపాముల పరీక్ష పెడదామనుకున్నాను. అది చాలా చిన్న పరీక్ష. ఒక ప్లాస్టిక్ తొట్టె మధ్యలో అట్ట నిలబెట్టి, ఒక పక్క అనుమానం ఉన్న మట్టి, ఇంకో పక్క పోలిక మట్టి నింపి తడుపుతాం. అట్ట తీసేసి, సరిగ్గా మధ్య గీత మీద వానపాముల్ని వదిలి, చిల్లుల మూత పెడతాం. రెండు రోజులయ్యాక మళ్ళీ అట్ట దించి ఎటు పోయాయో చూస్తాం. వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు. ఒళ్ళంతా నాలుకే. చెడ్డ మట్టిలోకి పొమ్మన్నా పోవు.

మూత తీసేసరికి తొట్టెలో మట్టి మీద ఏమీ లేదు. అట్ట దించి రెండు పక్కలా తవ్వాను. షెడ్డు మట్టిలో ఒక్కటీ లేదు, ఉండదని తెలుసు. పోలిక మట్టిలోనూ ఒక్కటీ లేదు. మూత తిరగేసి చూశాను. అన్నీ అక్కడున్నాయి. తొట్టె గోడలెక్కి, మూత లోపలి పక్కన, చిల్లుల దగ్గర ముద్దగా చుట్టుకుని అంటుకుపోయి ఉన్నాయి. కొన్ని అప్పటికే ఎండిపోయాయి. కింద తడి మట్టి పెట్టుకుని పైన ఎండి చచ్చాయి.

పురుగులకే ఏదో జబ్బనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. మా ల్యాబు వెనక తోటలోని మట్టి ఒక పక్క, అమ్మ దగ్గర నుంచి తెచ్చిన మట్టి ఒక పక్క పెట్టి, కొత్త వానపాములతో మళ్ళీ పరీక్ష చేశాను. ఈసారి అన్నీ ల్యాబు మట్టిలోకి పోయి హాయిగా ఉన్నాయి. అమ్మ దగ్గరి మట్టిని ఒక్కటి కూడా ముట్టలేదు. నేను స్టూలు మీద కూర్చుని ఆ ఖాళీ సగం వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ మట్టి కింద మా అమ్మ ఉంది.

అక్కకి ఫోన్ చేశాను.

"ఏమే, పనివేళ చేశావు, ఒంట్లో బాగానే ఉందా?"

"అక్కా, అమ్మ దగ్గర ఎప్పుడన్నా మట్టి తోలించారా?"

"ఆ. మీ బావేగా తోలించింది. వానకి నీళ్ళు నిలబడి అమ్మ నానిపోతోందని నేనే పోరాను."

"ఆ మట్టి ఎక్కడిది?"

"గడ్డి ట్రాక్టరు తెనాలి పాల డైరీకి వేసుకెళ్ళాడు కదా, ఖాళీగా రావడమెందుకని దారిలో ఏదో షెడ్డు వాళ్ళు దొడ్డి చదును చేయిస్తుంటే ఎత్తుకొచ్చాడు. ఊరికే ఇచ్చారు. బూడిద కలిసిన మట్టి, చెద పట్టదన్నారు. రెండు మూడు ట్రక్కులు మన వాకిట్లో పోసి, మిగిలింది అమ్మ దగ్గర వేశాం. ఎందుకే?"

అక్క తన ధోరణిలో తను చెప్పుకుపోతూనే ఉంది. చెప్పి చెప్పి, నవ్వుతూ, "నీకొకటి చెప్పాలి, అమ్మ బుద్ధులన్నీ దీనికి వచ్చాయే. మా పిల్లకి. వాకిట్లో నీళ్ళు చల్లితే చాలు, గెడ్డ గిల్లి నోట్లో వేసుకుంటోంది. తిట్టినా మానట్లేదు. దీని కూతురు కూడా నీకు మల్లే మట్టి ఉద్యోగమే చేస్తుంది చూడు" అంది.

నేను అరిచానట. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. పక్క గదిలోంచి అందరూ పరిగెత్తుకొచ్చారు.

బాపట్ల నుంచి తెనాలి, తెనాలి నుంచి రేపల్లె బండి. ఆ రోజు ఆ బండి ప్రతి స్టేషన్లోనూ కావాలనే ఆగుతోందనిపించింది. ఇంటికి చేరేసరికి పిల్ల మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. మొన్న వక్కపొడి అన్నది ఏంటో అప్పుడు తీసి చూపించింది. ఖాళీ పచ్చడి సీసా. దాని నిండా ఎండబెట్టిన మట్టి గెడ్డలు, ఏరి, ఒకే సైజువి. బెజవాడకి తీసుకెళ్దామని దాచుకుందట.

"ఎంత తిన్నావమ్మా? ఎన్నాళ్ళ నుంచి?"

"వచ్చినప్పటి నుంచీ. మానేద్దామనే అనుకుంటా పిన్నీ. కానీ ఇది మామూలు మట్టి కాదు. మొదట పుల్లగా తగులుతుంది, తర్వాత తియ్యగా ఉంటుంది."

సీసం తియ్యగా ఉంటుందని నేను పుస్తకాల్లో చదివాను. ఎంతోమందికి పాఠం కూడా చెప్పాను. కడుపుతో ఉన్న పిల్ల నోటి నుంచి ఆ మాట వింటానని అనుకోలేదు.

బావ మీద విరుచుకుపడ్డాను. కళ్ళు కనపడలేదా, అంత నల్లటి మట్టి, బ్యాటరీ ముక్కలు కనపడలేదా, ఊరికే ఇస్తే ఏదైనా ఎత్తుకొస్తావా అని నోటికొచ్చినట్టు అన్నాను. పెద్దమనిషి తలొంచుకుని నిలబడ్డాడు. చివరికి, "గడ్డి మొలవకపోతే మంచిదనుకున్నాం మరదలా. ఎవరన్నా అదే కదా అనుకుంటారు" అన్నాడు. ఎర్రలు లేవు, కలుపు లేదు, చెద లేదు, చీమ లేదు. మా ఆడవాళ్ళు రోజూ చీపుళ్ళు అరగదీసి కోరుకునేది అదే. దేవుడు వరమిచ్చాడనుకున్నారు.

తెనాలిలో డాక్టరమ్మకి చూపించాం. రక్తం తీసి బెజవాడకి పంపితే రిపోర్టు వచ్చింది. ఉండకూడనంత ఉంది. ఆవిడ నెమ్మదిగా వివరించింది, నాకు తెలిసినవే. ఒళ్ళు సీసాన్ని చూసి సున్నమనుకుంటుంది. ఎముకల్లో దాచుకుంటుంది. బిడ్డ ఎముకలకి సున్నం కావలసినప్పుడు తల్లి ఎముకల్లోంచి తీసి పంపుతుంది, దాంతోపాటు దాన్నీ పంపుతుంది. క్యాల్షియం, ఇనుము మాత్రలు రాసింది. ఆ మట్టికి, ఆ ఇంటికి దూరంగా ఉండమంది. బయటికి వచ్చి ఆటో కోసం నిలబడితే పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, పాపకి వెళ్ళిందా?"

తక్కువ, ఓ మోస్తరు, ఎక్కువ, తీవ్రం. నా ఉద్యోగమంతా ఈ మాటలతోనే గడిచింది. కొంగలకి చెప్పాను, చేపలకి చెప్పాను, గేదెలకి చెప్పాను. ఈ పిల్లకి ఏ మాట చెప్పాలో తెలియలేదు. "మనం ముందే పట్టుకున్నాం కదమ్మా" అన్నాను. అది తను అడిగిన ప్రశ్నకి జవాబు కాదని తనకీ తెలుసు. మళ్ళీ అడగలేదు.

పిల్లని బాపట్లలో మా ఇంటికి తెచ్చేశాను. మా అక్క గుమ్మంలో కూలబడి, పుట్టింట్లో పురుడు పోసుకునే రాత కూడా లేదా నా బిడ్డకి అని ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నాకు వినపడుతుంది. మా ఇంట్లో పిల్ల బుద్ధిగానే ఉండేది. వాన పడితే మాత్రం కిటికీ దగ్గర నిలబడి వాసన పీల్చేది. ఒక సాయంత్రం బతిమాలింది. "మంచి మట్టి కొంచెం ఇవ్వు పిన్నీ. నువ్వు పరీక్ష చేసిందే. మీ ల్యాబులో బోలెడుంటుందిగా." నిజమే, అల్మైరా నిండా ఉంది. ఏ దోషమూ లేదని నేనే సంతకం పెట్టిన మట్టి. నేను చింతచిగురు తెచ్చిచ్చాను, వేయించిన శనగలిచ్చాను. చిటికెడు మట్టి ఇవ్వడానికి నా చెయ్యి రాలేదు. పిల్ల ఆ శనగలు ముందు పెట్టుకుని ఏడ్చింది.

అక్క వాకిట్లో మట్టి గీకించాం. నల్లటి పొర అంతా తీసి, కింద పాత ఒండ్రు కనపడేదాకా తీసి, సంచుల్లో కుట్టించాం. అప్పుడు బావ అడిగాడు, "ఇది ఎక్కడ పొయ్యమంటావు మరదలా?" కాలవలో పోస్తే చేపలు. గుంట తీసి పూడిస్తే బావుల్లో నీళ్ళు. ఇంకెక్కడ పోసినా అది ఎవరిదో ఒకరి వాకిలి. మేము ఇలా తర్జనభర్జన పడుతుంటే పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "పారబోసేదేదో మా దొడ్లో పొయ్యండి, పల్లంగా ఉంది. మీ వాకిట్లో ఒక్క కలుపు మొక్క లేకుండా ఎంత బాగుండేదండీ" అన్నాడు. విషయం చెప్పాను. నమ్మినట్టు లేడు. ఇవ్వడం ఇష్టం లేక చెబుతున్నామనుకుని కొన్నాళ్ళు మాట్లాడ్డం మానేశాడు.

ఆ సంచులు అక్క పెరట్లో నీలం పట్టా కింద ఇప్పటికీ ఉన్నాయి. తీసుకెళ్తామన్నవాళ్ళు రాలేదు. నేను రాసిన ఉత్తరాలకి జవాబులు వస్తున్నాయి, లారీ రావడం లేదు. గాలికి పట్టా కదిలినప్పుడల్లా అక్క వెళ్ళి అంచుల మీద ఇటుకలు సర్ది వస్తుంది.

షెడ్డు నివేదిక రాశాను. పోలిక మట్టి వేరే చోట నుంచి తెచ్చుకుని, ఈసారి ముందుగా మెరక సంగతి అడిగి, లెక్కలన్నీ మళ్ళీ కట్టాను. ముప్పు తీవ్రం అని తేలింది. వానపాములున్నాయి అందులో, కొంగలున్నాయి, గేదెలున్నాయి. మా అక్క కూతురు లేదు. ఆ పిల్లని రాయడానికి అందులో చోటు లేదు. ఆ షెడ్డు నుంచి ఇంకా ఎన్ని ట్రాక్టర్లు మట్టి ఎత్తుకెళ్ళాయో, అమృతలూరు వైపు వెళ్ళాయో, రేపల్లె వైపు వెళ్ళాయో ఎవరూ చెప్పలేకపోయారు. ఊరికే ఇచ్చినదానికి గుర్తులుండవు. అందుకే రైల్లో నాకు నిద్ర పట్టదు.

పాప పుట్టింది. బరువు కాస్త తక్కువ. ముక్కూ గడ్డం అచ్చం మా అమ్మవే. పాప నిద్రపోతుంటే అందరూ ముద్దుగా చూసేవాళ్ళు. నేను మాత్రం గిన్నె మీద గరిటెతో చప్పుడు చేసి, ఉలిక్కిపడుతుందా లేదా అని చూసేదాన్ని. ఉలిక్కిపడేది. మిగతా పిల్లల కంటే నడక ఆలస్యమైంది, మాట ఇంకా రాలేదు. కొంతమంది పిల్లలకి ఆలస్యమేనండి, కంగారు పడకండి అంటుంది డాక్టరమ్మ. నిజమే, మా అక్క కూడా ఆలస్యంగానే మాట్లాడిందని అమ్మ చెప్పేది. ఇది ఆ ఆలస్యమో, ఆ మట్టి ఆలస్యమో చెప్పే పరీక్ష నాకు తెలిసి ఎక్కడా లేదు.

మొన్న ఈస్టరుకి అందరం సమాధుల తోటకి వెళ్ళాం. మా వైపు నేల మెత్తన, సమాధులు ఏటా కుంగుతాయి. అందుకని ఈస్టరు పొద్దున ప్రార్థనయ్యాక ఇంట్లోవాళ్ళందరూ తలో పిడికెడు మట్టి తమవాళ్ళ సమాధి అంచున వేసి చేత్తో అదుముతారు. అమ్మ దగ్గర పాత మట్టి తీయించేశాం. కొత్త మట్టి మా బావ పొలం గట్టుది. పొయ్యక ముందు నేనే పరీక్షించాను, ఒకసారి కాదు. గచ్చు పక్కన గరిక మొలిచింది. దాని మొదట్లో ఎర్రలు తోడిపోసిన సన్నటి మట్టి గుళికలు కనిపించాయి. ఎన్నాళ్ళకో అమ్మ దగ్గర నాకు మనసు కుదుటపడింది. అయ్యగారు ప్రార్థన ముగించి పక్క కుటుంబం దగ్గరికి వెళ్ళారు. అక్క, బావ, అక్క కూతురు వరసగా మట్టి వేశారు.

పాప నా చంకలో ఉంది. కిందికి దించితే అందరినీ చూసి తనూ వంగింది. పిడికెడు మట్టి తీసుకుంది. అందరూ ముచ్చటపడ్డారు. పాప ఆ పిడికిలి కాసేపు చూసుకుని, సమాధి మీద వెయ్యకుండా నోటి వైపు ఎత్తింది.

నేను మణికట్టు పట్టేసుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, పాప గుక్కపట్టి ఏడ్చింది.

"అది మంచి మట్టే కదే, నువ్వే చెప్పావుగా" అంది అక్క.

మంచి మట్టే. రిపోర్టు నా బ్యాగులో ఉంది, కింద సంతకం నాది. "వదులు పిన్నీ, ఏం కాదు" అంటూ అక్క కూతురు నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీస్తోంది. ఆ చిన్న పిడికిట్లోంచి మట్టి అంతా రాలిపోయాక కూడా నేను ఆ చెయ్యి వదల్లేదు.